పెట్టెలో వచ్చిన చరిత్ర

అమెరికాలో పిల్లలకి బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పుకునే కుటుంబాలకి చరిత్ర అట్టపెట్టెల్లో వస్తుంది. పెట్టె తెరిస్తే ముప్పై, నలభై పుస్తకాలుంటాయి. పాఠ్యపుస్తకం అనదగ్గది వాటిలో ఒకటో రెండో. మిగిలినవన్నీ నవలలు, జీవితచరిత్రలు, జానపద కథలు, బొమ్మల పుస్తకాలు. వాటితో పాటు ఒక లావుపాటి గైడు. ఏ వారం, ఏ రోజు, ఏ పుస్తకంలో ఎన్నో పేజీ నుంచి ఎన్నో పేజీ దాకా చదవాలో 36 వారాలకీ గళ్ళు గీసి రాసిపెట్టి ఉంటుంది. పెద్దవాళ్ళు పైకి చదివి వినిపించాల్సినవి కొన్ని, పిల్లలు తమంతట తాము చదువుకోవాల్సినవి కొన్ని. చదివాక అడగాల్సిన ప్రశ్నలు, వాటి జవాబులు, పటంలో గుర్తుపెట్టాల్సిన ఊళ్ళు, గోడమీద కాలరేఖకి అంటించాల్సిన బొమ్మలు అన్నీ సిద్ధంగా ఉంటాయి. ఈ పద్ధతిని 'సాహిత్యం ఆధారంగా చరిత్ర' అంటారు.

సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాళ్ళకి ఆ మాట వినగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి. నాకూ అంతే అయింది. నేను తెలుగు స్త్రీల ఆత్మకథల మీద హైదరాబాదులో పరిశోధన చేశాను. సహచరుడి ఉద్యోగం వెంట హెచ్-4 వీసా మీద టెక్సస్ వచ్చి, ఇప్పుడు డాలస్ శివార్లలో ఉంటున్నాను. ఈ వీసా మీద ఉన్నవాళ్ళలో కొందరికి 2015 నుంచి పనిచేసే అనుమతి ఇస్తున్నారు. నాకూ ఆ కాగితం ఉంది. కాగితం ఉంది కానీ, తెలుగు సాహిత్యం చదివిన మనిషికి ఈ ఊళ్ళో జీతం ఇచ్చే పని లేదు. అమ్మాయి బడికి వెళ్ళాక మిగిలే పూటలో నా సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా తిరగరాసుకుంటున్నాను. అమ్మాయికి పదేళ్ళు. తనని బడి మాన్పించి ఇలాంటి పెట్టె ఒకటి కొనాలా వద్దా అన్న ప్రశ్న ఏడాదిపాటు మా ఇంట్లో నలిగింది. పైకి చూస్తే ఇది ఒక కుటుంబం సొంత గొడవ. కానీ లోపలికి వెళ్ళేకొద్దీ ఎవరి శ్రమ, ఎవరి చరిత్ర, ఎవరి గొంతు అని మనం ఈ పేజీల్లో ఎప్పుడూ అడిగే ప్రశ్నలే నాకు అందులో ఎదురయ్యాయి.

ముందు బడి ఎందుకు మాన్పించాలనుకున్నామో చెప్పాలి. 2022 మే 24న ఇదే టెక్సస్‌లో, యువాల్డి అనే చిన్న ఊళ్ళో, ప్రాథమిక పాఠశాలలోకి తుపాకితో వచ్చినవాడు 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లని చంపేశాడు. అప్పటినుంచి ఇక్కడి తల్లులెవరూ బడి గేటు దగ్గర పిల్లల చెయ్యి మామూలుగా వదిలిపెట్టి రాలేదు. లాక్‌డౌన్ డ్రిల్లు అంటే ఏమిటో మా అమ్మాయి ఎంతో నింపాదిగా చెప్తుంది. తలుపుకి తాళం, లైట్లు ఆర్పడం, కిటికీలోంచి కనపడని మూలకి చేరి చప్పుడు చెయ్యకుండా కూర్చోవడం. ఒక రోజు లైబ్రరీలో కూర్చున్నప్పుడు "అమ్మా, ఇక్కడ దాక్కోడానికి మంచి మూల లేదు" అంది. భయంతో అన్నట్టు లేదు. ఫ్యాను లేదనో, మంచినీళ్ళు లేవనో అన్నట్టు అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు నా సహచరుడు అన్నాడు, "ఇంట్లోనే చెప్తే సరిపోతుంది కదా. నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావు. పైగా నీకంటే బాగా ఎవరు చెప్తారు?" ఇందులో చివరి వాక్యం పొగడ్త. దాని ముందు వాక్యం లెక్క. రెండూ కలిపి చెప్పినప్పుడు లెక్క కనపడదు, పొగడ్త ఒక్కటే వినపడుతుంది. అతను దురుద్దేశంతో అనలేదు. పిల్ల గురించి అతనికీ నా అంతే దిగులు. కానీ 'ఎలాగూ' అన్న చిన్న మాటలో నేను రాసుకునే పుస్తకం, నా ఉదయాలు, నా బల్ల మీది కాగితాలు ఒక్కసారిగా మాయమైపోవడం నేను గమనించాను.

ఇంటి చదువు ఇక్కడ యాభై రాష్ట్రాల్లోనూ చట్టబద్ధం. నియమాలు మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారతాయి. టెక్సస్‌లో అవి చాలా తక్కువ. ఇంటి బడి ప్రైవేటు బడితో సమానమేనని ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లో లీపర్ కేసులో తేల్చింది. చెప్పి తీరాల్సినవి అయిదు: చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం. చరిత్ర ఆ జాబితాలో విడిగా లేదు. అంటే ఏ చరిత్ర చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది పూర్తిగా ఇంట్లో వాళ్ళ ఇష్టం. మరీ ఇంత స్వేచ్ఛ ఉన్నచోట భయం కూడా ఉంటుంది. పెట్టె అమ్ముడయ్యేది ఆ భయం మీదే. గళ్ళు గీసి పెట్టిన 36 వారాలు మనకి ముందుగా ఇచ్చేది ధైర్యం, ఆ తర్వాతే చరిత్ర.

ఒకప్పుడు ఇంటి చదువంటే మతవిశ్వాసం బలంగా ఉన్న తెల్ల కుటుంబాల వ్యవహారమనే అభిప్రాయం ఉండేది. కోవిడ్ దాన్ని మార్చేసింది. అమెరికా జనాభా లెక్కల శాఖ సర్వే ప్రకారం బడి ఈడు పిల్లలున్న ఇళ్ళలో ఇంటి చదువు 2020 వసంతంలో 5.4 శాతం ఉంటే, అదే ఏడాది శరదృతువుకి 11.1 శాతానికి చేరింది. నల్లజాతి కుటుంబాల్లో అది 3.3 నుంచి 16.1కి పెరిగింది. నాకు తన పెట్టెలు అరువిచ్చిన పొరుగావిడ ఆ అంకెలో ఒకరు. నల్లజాతి స్త్రీ, నర్సు. ఆమె కొడుకు చేసిన అల్లరికి బడిలో శిక్ష, అదే అల్లరి చేసిన పక్క పిల్లాడికి మందలింపు. రెండేళ్ళు చూసి ఆమె కొడుకుని ఇంటికి తెచ్చేసుకుంది. పగలు ఆమె తల్లి చదువు చెప్తుంది, సాయంత్రం ఆమె చెప్తుంది. "నువ్వు కొనకు. ముందు నావి తీసుకెళ్ళి మూడు వారాలు వాడి చూడు" అని రెండు పెట్టెలు నా కారులో పెట్టింది. ఒకటి అమెరికా చరిత్ర, రెండోది తూర్పు దేశాల చరిత్ర. ఏ సంస్థ పెట్టెలో ఇక్కడ అనవసరం. ఇలాంటివి చాలా ఉన్నాయి. 1990లో మొదలైన సోన్‌లైట్ క్రైస్తవ విశ్వాసం పునాదిగా పాఠాలు అల్లుతుంది. బుక్‌షార్క్ లాంటివి ఇదే పద్ధతిని మతం ప్రసక్తి లేకుండా నడుపుతాయి. కొనాలనుకునేవాళ్ళు మొదట చూసుకోవాల్సిన తేడా ఇదే.

ఆ గైడు తెరవగానే అందులో ఇద్దరు మనుషులు కనపడ్డారు నాకు. అచ్చులో ఉన్న గొంతు ఒకటి, అంచుల్లో పెన్సిలుతో పొరుగావిడ రాసుకున్న గొంతు ఇంకొకటి. 'ఇది వద్దు', 'దీని బదులు మిల్డ్రెడ్ టేలర్', 'ఇక్కడ ఆగి అమ్మమ్మని అడగాలి' లాంటి మాటలు. నా మూడు వారాల్లో అచ్చు మాటలకంటే ఆ పెన్సిలు రాతలే నాకు ఎక్కువ నేర్పాయి.

ఈ పద్ధతికి మూలపురుషుడు లేడు, మూలస్త్రీ ఉంది. షార్లట్ మేసన్ (1842-1923) అనే ఇంగ్లీషు ఉపాధ్యాయిని. ముక్కలు ముక్కలుగా కోసి పెట్టిన పాఠాలకంటే, తన విషయాన్ని ప్రేమించిన ఒక్క మనిషి రాసిన 'జీవమున్న పుస్తకాలు' పిల్లలకి కావాలని ఆమె వాదించింది. చదివింది విన్నాక పిల్లలు తమ మాటల్లో తిరిగి చెప్పాలి. పరీక్ష అంటే అదే. ఆమె పెళ్ళి చేసుకోలేదు. 1892లో ఆంబుల్‌సైడ్‌లో ఆమె పెట్టిన శిక్షణాలయంలో చదువుకున్న యువతులు గవర్నెస్సులుగా వెళ్ళి పనిచేసి జీతం తీసుకునేవాళ్ళు. ఈ సంగతి దగ్గర నేను కొంచెంసేపు ఆగాను. జీతం తీసుకుని చేసే వృత్తిగా ఒక స్త్రీ తీర్చిదిద్దిన పని, నూరేళ్ళ తర్వాత సముద్రం దాటి, ఇంట్లో అమ్మ ప్రేమతో ఊరికే చేసే పని అయింది. పద్ధతి గొప్పదనం గురించి పుస్తకాలకి పుస్తకాలు వచ్చాయి. ఆ జీతం ఎక్కడ పోయిందో మాత్రం గైడులో ఉండదు.

మూడు వారాలు మేం నిజంగానే చేశాం, జూన్ నెలలో, సెలవుల్లో. పద్ధతి పనిచేస్తుందా అంటే పనిచేస్తుంది. దాన్ని తక్కువ చేసి చెప్పడం అన్యాయం. బడిలో 'కారణాలు మూడు, ఫలితాలు నాలుగు' అని చదివిన పిల్ల, నవలలో ఒక పిల్ల ఆకలితో పడుకున్న రాత్రిని వారం తర్వాత కూడా వర్ణించి చెప్పింది. తిరిగి చెప్పమన్నప్పుడు మొదట్లో రెండు వాక్యాలతో ఆపేసేది. రెండో వారానికి పావుగంట చెప్పింది. అందులో తను సొంతంగా చేర్చినవి ఉన్నాయి, వదిలేసినవి ఉన్నాయి. ఏం వదిలేస్తోందో వినడమే నాకు పాఠం. ఇంగ్లీషులో విన్నదాన్ని తెలుగులో తిరిగి చెప్పమని అడిగాను ఒకరోజు. తడబడింది, మాటలు అడిగింది, కానీ చెప్పింది. గైడులో లేని ఆ అభ్యాసం మాకు దొరికిన అసలు లాభం.

తర్వాత 'లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ' వచ్చింది. 1935 నాటి లారా ఇంగాల్స్ వైల్డర్ నవల. అమెరికాలో తరతరాల పిల్లలు చదివిన పుస్తకం. చాలా హాయిగా సాగుతుంది. నాన్న కట్టిన ఇల్లు, అమ్మ వండిన రొట్టె, రాత్రి ఫిడేలు. మధ్యలో మా అమ్మాయి చెయ్యి ఎత్తి అడిగింది, "అమ్మా, ఈ ఇండియన్స్ మనం కాదు కదా?" కాదన్నాను. "అయితే వాళ్ళు ఎందుకు ఎప్పుడూ గుమ్మం బయటే ఉంటారు?" అని అడిగింది.

ఆ ప్రశ్నకి నవలలో జవాబు లేదు, చరిత్రలో ఉంది. ఇంగాల్స్ కుటుంబం 1869 నుంచి 1871 దాకా కాన్సస్‌లో కాపురం పెట్టింది ఒసేజ్ తెగకి కేటాయించిన నేల మీద. అక్కడ ఉండే హక్కు వాళ్ళకి లేదు. మొదట్లో నవల తొలి పేజీల్లోనే, ఆ చోట మనుషులు లేరు, ఇండియన్లు మాత్రమే ఉన్నారనే అర్థం వచ్చే వాక్యం ఉండేది. ఒక పాఠకురాలు 1952లో అభ్యంతరం చెప్పాక, 1953 ముద్రణలో 'మనుషులు' అన్న మాట తీసి 'వలస వచ్చి స్థిరపడ్డవాళ్ళు' అన్న అర్థమిచ్చే మాట పెట్టారు. వైల్డర్ పేరుతో పిల్లల రచయితలకి ఇస్తున్న పురస్కారం పేరుని అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లోని పిల్లల విభాగం 2018లో మార్చింది. ఒక్క మాట మార్చితే వాక్యం బాగుపడుతుంది. గుమ్మం ఎవరి వైపునుంచి కనపడుతోందన్నది మాత్రం మారదు.

గైడు దీన్ని పూర్తిగా దాచలేదు. 'ఆ కాలం దృష్టి ఇది, పిల్లలతో మాట్లాడండి' అని రెండు వాక్యాలు రాసింది. కానీ మూడు వందల పేజీల నవల ఒకవైపు, రెండు వాక్యాల హెచ్చరిక ఇంకొకవైపు పెడితే తూకం ఎటు ఒరుగుతుందో సాహిత్యం చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పిల్ల మనసులో ఉండిపోయేది ఫిడేలు. ఇక్కడ పొరుగావిడ పెన్సిలుతో రాసుకుంది, 'లూయీజ్ ఎర్డ్రిచ్‌తో కలిపి చదవాలి' అని. ఒజిబ్వే మూలాలున్న ఎర్డ్రిచ్ 1999లో రాసిన 'ద బర్చ్‌బార్క్ హౌస్'లో 1847 నాటి సుపీరియర్ సరస్సు ద్వీపంలో ఒమకయాస్ అనే చిన్న పిల్ల ఉంటుంది. ఆ ఇంట్లోనూ అక్కాచెల్లెళ్ళ పోట్లాటలున్నాయి, వంటలున్నాయి, కథలున్నాయి. ఆ ఇంట్లోకి మశూచి వస్తుంది. రెండూ వరసగా చదివాక మా అమ్మాయి గోడమీది కాలరేఖ దగ్గరికి వెళ్ళి ఒమకయాస్ బొమ్మ తనే గీసి అంటించింది. పెట్టెతో వచ్చిన బొమ్మల్లో ఆ పిల్ల లేదు.

రెండో పెట్టెలో మన దేశానికి కేటాయించిన వారాలున్నాయి. ఎంతో ఆశగా తీశాను. కాసిని జానపద కథలు, గాంధీ జీవితం, వాటితో పాటు గ్లోరియా వీలన్ నవల 'హోమ్‌లెస్ బర్డ్'. ఈ నవలకి 2000లో అమెరికా నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. కోలి అనే పదమూడేళ్ళ పిల్లకి జబ్బుతో ఉన్న కుర్రాడితో పెళ్ళి, వెంటనే వైధవ్యం, అత్త తీసుకెళ్ళి బృందావనంలో వదిలేయడం, కుట్టుపని నేర్చుకుని నిలదొక్కుకోవడం కథ. దయతో రాసిన పుస్తకం. బాలవితంతువుల బతుకు అబద్ధం అని నేను అనగలనా? 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎంత గొడవ అయిందో చదివి పెరిగినవాళ్ళం. ఆ బాధని కప్పిపుచ్చమని అడగడం నా ఉద్దేశం కాదు.

నా ఇబ్బంది వేరే చోట ఉంది. ఆ ఒక్క పుస్తకమే భారత స్త్రీకి ప్రతినిధిగా పెట్టెలోకి వచ్చినప్పుడు, ఆ స్త్రీకి ముందూ వెనకా ఎవరూ ఉండరు. కోలి కాలానికి నూరేళ్ళ ముందే భండారు అచ్చమాంబ (1874-1905) దేశమంతటి స్త్రీల చరిత్రలు వెతికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసిందని, ఆ మొదటి భాగం 1901 నాటిదని ఏ గైడూ చెప్పదు. బాధపడ్డ స్త్రీ పిల్లలకి దొరుకుతుంది. ఆ బాధ గురించి ఆలోచించి, రాసి, సంఘం పెట్టి, పోట్లాడిన స్త్రీ దొరకదు. ఇది ఒక రచయిత్రి తప్పు కాదు. ఒక దేశానికి నాలుగు వారాలు, అందులో స్త్రీకి ఒక్క నవల అని కొలిచి పెట్టే ఏర్పాటులోనే ఉంది.

మరి మనం చరిత్ర ఎలా నేర్చుకున్నాం? మనకి కూడా చరిత్ర సాహిత్యంలోంచే వచ్చింది, పెట్టె లేకుండా. తెన్నేటి సూరి 'చెంఘిజ్ ఖాన్' చదివి మంగోలియా తెలుసుకున్నాం. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' చదివి కాకతీయుల కాలంలో తిరిగాం. చాగంటి తులసి తెలుగులోకి తెచ్చిన రాహుల్ సాంకృత్యాయన్ 'ఓల్గా నుంచి గంగకు' మొదటి కథలో గుంపుకి నాయకురాలైన నిశను చూసి, సమాజం ఎప్పుడూ ఇలాగే లేదన్నమాట అని తొలిసారి అనుకున్నవాళ్ళు మనలో ఎంతమందో. అవన్నీ చదివాక, 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చేతికొచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల మాటలు విన్నాక, అంతకుముందు చదివిన చరిత్రలో ఏం లేదో అర్థమైంది. చెప్పేవాళ్ళు మారితే సంఘటనే మారిపోతుందని ఆ పుస్తకం నేర్పింది. పెట్టెకీ, మన చదువుకీ తేడా ఇక్కడుంది. మనం ఒక పుస్తకం చదివి, దానితో పోట్లాడే ఇంకో పుస్తకం దాకా నడిచాం. పెట్టెలో పుస్తకాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకోవు. ఒకే పొట్లంలో సర్దుకుని కూర్చుంటాయి.

ఇక శ్రమ సంగతి. మూడు వారాలూ నేను ఒక నోటుపుస్తకంలో గంటలు రాసుకున్నాను. పైకి చదవడం రోజుకి గంటా పది నిమిషాలు. మాట్లాడుకోవడం, తిరిగి చెప్పించుకోవడం నలభై నిమిషాలు. మర్నాటి పేజీలు ముందు నేను చదువుకోవడం దాదాపు గంట. పటాలు, లైబ్రరీ, ప్రింట్లు అరగంట. ఇది చరిత్ర, సాహిత్యం మాత్రమే. లెక్కలు, సైన్సు దీనికి అదనం. నేను నా పుస్తకానికి పెట్టుకున్న రెండున్నర గంటలు ఆ మూడు వారాల్లో ఒక్కరోజు కూడా మిగల్లేదు. గైడు మీద ముద్రించిన బొమ్మలో సోఫా, అమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఆ అమ్మ బల్ల ఎక్కడుందో బొమ్మలో లేదు.

2025లో చేసిన చట్టం ప్రకారం టెక్సస్‌లో ఇంటి చదువు పిల్లలకి 2026-27 నుంచి ఏడాదికి 2,000 డాలర్ల దాకా ప్రభుత్వ సొమ్ము అందే ఏర్పాటు వచ్చింది. అది పుస్తకాలకి, సామానుకి. చదివి వినిపించే గొంతుకి ఏ పద్దులోనూ లెక్క లేదు.

ఒక ఆదివారం ఆ నోటుపుస్తకం, గైడు రెండూ నా సహచరుడి ముందు పెట్టాను. "36 వారాలు, వారానికి అయిదు గళ్ళు. ఇందులో నీ పేరు ఎక్కడ రాయను?" అని అడిగాను. అతను చాలాసేపు చూశాడు. రాత్రి చదివి వినిపించడం తనదన్నాడు. వారం రోజులు చేశాడు కూడా. అయిదు రాత్రుల్లో రెండు మీటింగులకి పోయాయి. మిగిలిన మూడు రాత్రులూ నాకంటే బాగా చదివాడని అమ్మాయి తీర్పు చెప్పింది, గొంతులు మార్చి చదువుతాడట. కానీ పగలు? "పగలు నావల్ల కాదు" అన్నాడు చివరికి. ఆ మాట నిజాయితీగా చెప్పడం నాకు మేలు చేసింది. 'ఎలాగూ' పోయి 'నావల్ల కాదు' వచ్చాక, ఇద్దరం ఒకే లెక్క ముందు కూర్చున్నట్టయింది.

నన్ను ఆపిన ఇంకో సంగతి ఉంది. మా అమ్మమ్మ ఐదో తరగతితో ఆగిపోయింది, హైస్కూలు పక్క ఊళ్ళో ఉందని. మా అమ్మ పదో తరగతితో ఆగిపోయింది, కాలేజీ పట్నంలో ఉందని. అచ్చమాంబకి బడే లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తమ ఇంట్లో ఉండి చదువుకుంటుంటే ఆమె కూడా చదువు పట్టింది. 1848లో పూనాలో సావిత్రీబాయి, 1874లో ధవళేశ్వరంలో వీరేశలింగం ఆడపిల్లలకి బడి తెరిచారంటే, ఇంటి గుమ్మం దాటించడమే అక్కడ అసలు పని. మన స్త్రీలకి ఇంటి చదువు అంటే బడి మూసుకుపోయినప్పుడు మిగిలింది. అమెరికన్ తల్లికి అది ఎంపిక. ఈ రెండూ ఒకటి కావు. పొరుగావిడకి బడి తన కొడుకుని అవమానించిన చోటు. ఆమె చేసింది ఆత్మరక్షణ, దాన్ని నేను ప్రశ్నించను. కానీ మూడు తరాలు నడిచి చేరుకున్న గుమ్మం దగ్గరినుంచి నా కూతుర్ని వెనక్కి తెచ్చేటప్పుడు, నేను ఇంకా గట్టి కారణం చూపించాలి అనిపించింది. అమ్మాయిని అడిగాను. "కథలు ఇంట్లో, ఫ్రెండ్స్ బడిలో" అంది. దాని లెక్క అది.

మరి తుపాకి మాటేమిటి? ఏ పాఠ్యప్రణాళికా దానికి జవాబు కాదు. ఒక తల్లి తన పనిని వదులుకుని ఇంట్లో కట్టే గోడ ఆ దేశపు తుపాకి చట్టానికి బదులు కాలేదు. ఆ భయం నాతో ఉంది, ఉంటుంది. దాన్ని పెట్టె కొని తీర్చుకోగలనని మాత్రం ఇప్పుడు అనుకోవడం లేదు. బడి బోర్డు సమావేశాలకి ఇద్దరం వంతులు వేసుకుని వెళ్తున్నాం.

పెట్టె కొనలేదు. అమ్మాయి బడికి వెళ్తోంది. పద్ధతిని మాత్రం ఉంచుకున్నాం. ఏడాదికి పది పుస్తకాలు, జంటలు జంటలుగా, లైబ్రరీ నుంచి. ఒక దాని ఎదురుగా దానితో పోట్లాడే ఇంకోటి. విభజన గురించి వీరా హీరానందాని 'ద నైట్ డైరీ' (2018) చదివినప్పుడు దాని జంటగా అచ్చు పుస్తకం పెట్టలేదు. నల్లగొండలో ఉన్న మా అమ్మకి ఫోను చేసి, రజాకార్ల రోజుల గురించి వాళ్ళ అమ్మ ఏం చెప్పేదో అడిగి, అమ్మాయి రాసుకుంది. చదివి వినిపించడం రాత్రిపూట, నాన్న పని. తిరిగి చెప్పించడం శనివారం, తెలుగులో, నా పని.

ఇలాంటి నిర్ణయం ముందున్న స్నేహితురాళ్ళకి నేను చెప్పగలిగేది కొంత ఉంది. పుస్తకాల జాబితా చూసేముందు గైడు చూడండి. దాని వాక్యాల్లో మీరు ఎవరు? మీరు నమ్మే విలువలు అందులో ఉన్నాయా, కనీసం వాటికి చోటుందా? మీకు బాగా తెలిసిన ఒక జాతి, ఒక ప్రాంతం గురించి అందులో ఏముందో వెతకండి. అక్కడ ఎంత పలచగా ఉందో, మీకు తెలియని చోట్ల కూడా అంతే పలచగా ఉండి ఉంటుంది. పెట్టె కొనేముందు అరువు తెచ్చుకుని మూడు వారాలు చేసి, గంటలు రాసుకోండి. ఆ గంటలు ఎవరివో పేర్లతో సహా రాయండి. ఇద్దరు ముగ్గురు దగ్గరి వయసు పిల్లలుండి, పగటి పనిని పంచుకునే పెద్దవాళ్ళు ఇంట్లో ఇంకొకరుండి, అంచుల్లో పెన్సిలుతో రాసే ఓపిక ఉంటే ఈ పెట్టె చాలా బాగా పనికొస్తుంది. పొరుగింట్లో అది పనికొస్తున్న సంగతి నేను రోజూ చూస్తున్నాను. ఆ మూడింట్లో ఏది లేకపోయినా ఆ లోటు పూడ్చేది ఎవరన్నది కొనకముందే మాట్లాడుకోవాలి.

వచ్చే మే నెలలో మళ్ళీ కూర్చుని చూద్దామని ఇద్దరం అనుకున్నాం. పిల్ల మారుతుంది, బడి మారుతుంది, మా కాగితాలు కూడా మారొచ్చు. ఈలోగా నా పుస్తకం మూడో అధ్యాయం పూర్తయింది.